డాక్టరు చేతికి కొత్త పనిముట్టు ఎప్పుడు నచ్చుతుంది?

(ఆస్పత్రి నిర్వాహకులు, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు, యువ డాక్టర్లు కలిసిన ఒక సభలో ఓ సీనియర్ సర్జన్ చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నిర్వాహకులు నాకు ఇచ్చిన అంశం "డాక్టర్లు కొత్త టెక్నాలజీని ఎందుకు వ్యతిరేకిస్తారు?" అని. దాన్ని తిరగేసి మాట్లాడతానంటే ఒప్పుకున్నారు, వారికి కృతజ్ఞతలు. వ్యతిరేకత అనే మాటతో మొదలుపెడితే చర్చ చివరికి డాక్టరు వయసు మీదికో, అహంకారం మీదికో పోతుంది. అక్కడితో ఆగిపోతుంది కూడా. అదే డాక్టర్లు కొన్నిటిని ఎగబడి తీసుకున్నారు. ఆపరేషన్ థియేటర్లోకి వచ్చి, అది లేకుండా కేసు మొదలుపెట్టలేని స్థితికి చేరిన యంత్రాలను చూశాను. ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా మూలన పడిపోయినవాటినీ చూశాను. రెండు సందర్భాల్లోనూ డాక్టర్లు వాళ్లే. తేడా ఎక్కడుందో వెతుకుదాం.

వేలికి పెట్టే క్లిప్పు, పల్స్ ఆక్సీమీటర్, మీ అందరికీ తెలుసు. 2021లో కోవిడ్ రెండో వేవ్ వచ్చినప్పుడు మందుల షాపుల చుట్టూ తిరిగి కొనుక్కున్నాం. దాని వెనక సూత్రాన్ని కనిపెట్టింది జపాన్ ఇంజినీరు తకువో అవోయాగి, 1970లలో. అది థియేటర్లోకి రాకముందు మత్తు డాక్టరు రోగి పెదవుల రంగు, గోళ్ల రంగు, కోత దగ్గర రక్తం రంగు చూసి ఆక్సిజన్ సంగతి అంచనా వేసేవారు. రక్తం తక్కువున్న మనిషిలో నీలం తేలడం కనిపించేసరికి బాగా ఆలస్యమయ్యేది. మన దగ్గర ఆపరేషన్‌కు వచ్చేవాళ్లలో రక్తహీనత ఎంతమందికి ఉంటుందో ఇక్కడున్న డాక్టర్లకు చెప్పక్కర్లేదు.

ఆక్సీమీటర్ గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఒక బీప్ ఇస్తుంది. ఆక్సిజన్ పడిపోయే కొద్దీ ఆ బీప్ స్వరం కిందికి దిగుతుంది. తెర వైపు చూడక్కర్లేదు. కడుపులో చేతులు పెట్టి పని చేసుకుంటున్న నేను కూడా స్వరం దిగగానే తల ఎత్తుతాను. సిస్టర్ తల ఎత్తుతుంది. మత్తు డాక్టరు చెయ్యి అప్పటికే ట్యూబు మీద ఉంటుంది. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు.

1993లో డెన్మార్క్ డాక్టర్లు ఈ ఆక్సీమీటర్ మీద చేసిన పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. మొత్తం 20,802 మంది రోగులు. కొందరికి ఆక్సీమీటర్ పెట్టారు, కొందరికి పెట్టలేదు. పెట్టినవాళ్లలో ఆక్సిజన్ తగ్గడాన్ని చాలా ఎక్కువసార్లు పట్టుకోగలిగారు. కానీ మరణాల్లో, ఆపరేషన్ తర్వాతి చిక్కుల్లో లెక్కకు నిలిచే తేడా కనబడలేదు. అదే పరిశోధనలో మత్తు డాక్టర్లను అడిగితే 80 శాతం మంది అది ఉంటే ధైర్యంగా ఉంటుందని చెప్పారు. ఆ తర్వాత దాన్ని ఎవరూ తీసిపారేయలేదు. చాలా దేశాల్లో అది తప్పనిసరి.

ఇది మూఢనమ్మకమని నేను అనుకోను. తన చేతిలో ఒక ప్రాణం ఉన్న నిమిషంలో తనకు తెలియాల్సిన ఒక్క విషయాన్ని ఆ యంత్రం చెబుతుంది. బదులుగా ఏమీ అడగదు. టైపు చేయమనదు, చేసే పని ఆపమనదు, నిర్ణయం తన చేతిలోకి తీసుకోదు.

పరిశోధకుల మాట కూడా ఒకటి చెప్పుకుందాం. 1989లో అమెరికాలో ఫ్రెడ్ డేవిస్ ఒక నమూనా ప్రతిపాదించాడు. మనిషి ఒక కంప్యూటర్ వ్యవస్థను ఒప్పుకోవడం రెండు నమ్మకాల మీద ఆధారపడుతుందని: ఇది నా పనికి ఉపయోగపడుతుంది, ఇది వాడటం సులువు. ఆఫీసు ఉద్యోగుల విషయంలో ఆ నమూనా బాగా పనిచేసింది. పదేళ్ల తర్వాత హాంగ్‌కాంగ్‌లో కొందరు పరిశోధకులు ప్రభుత్వ పెద్దాస్పత్రుల్లో పనిచేసే 400 మందికి పైగా డాక్టర్లను టెలిమెడిసిన్ (దూరం నుంచి చేసే వైద్యం) గురించి అడిగి అదే నమూనాను పరీక్షించారు. ఉపయోగం అన్నది బలంగా నిలిచింది. సులువు అన్నది డాక్టర్ల ఉద్దేశాన్ని పెద్దగా కదిలించలేదు. తర్వాత వాళ్లే రాసిన ఇంకో వ్యాసంలో, ఇప్పుడు చేస్తున్న పని తీరుతో కొత్తది ఎంత పొసుగుతుందన్న దాన్ని బట్టే అది ఉపయోగమో కాదో డాక్టరు తేల్చుకుంటున్నాడని తేలింది.

ఇంజినీరు మిత్రులు ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. డెమోకి వచ్చేవాళ్లు దాదాపు అందరూ ఒకే మాటతో మొదలుపెడతారు: "చాలా ఈజీ సార్, రెండు క్లిక్కులే." మీ ముందు కూర్చున్న డాక్టరు ఇరవై ఏళ్లపాటు కష్టమైన పనులే నేర్చుకున్న మనిషి. సులువైనది కాబట్టి తీసుకో అంటే అతనికి అది కారణంగానే కనబడదు. రోగికి ఏం మేలు అన్నది మొదట చెప్పండి. అది నమ్మకం కలిగితే కష్టమైనదాన్ని కూడా నేర్చుకుంటాడు. దానికి నా దగ్గర సాక్ష్యం ఉంది. మా సర్జన్ల తరమే ఆ సాక్ష్యం.

పిత్తాశయంలో రాళ్లకు ఒకప్పుడు కుడి పక్కటెముకల కింద జానెడు కోత పెట్టేవాళ్లం. కండరాలు కోయాలి. ఆపరేషన్ అయ్యాక రోగి దగ్గాలంటే భయపడేవాడు, గట్టిగా ఊపిరి తీయాలన్నా భయపడేవాడు. వారం రోజులు వార్డులో. 1985లో జర్మనీలోని బోబ్లింగెన్ అనే పట్టణంలో ఎరిక్ మ్యూహె అనే సర్జన్ పెద్ద కోత లేకుండా, గొట్టం ద్వారా పిత్తాశయాన్ని తీశాడు. మరుసటి ఏడాది జర్మన్ సర్జన్ల మహాసభలో ఆ సంగతి చెబితే "మిక్కీ మౌస్ సర్జరీ" అని ఎగతాళి చేశారు. 1992లో అదే సంఘం ఆయనకు అవార్డు ఇచ్చింది. ఈలోగా 1987లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ఫిలిప్ మూరే, 1990లో ముంబయి జె.జె. ఆస్పత్రిలో తెహెంతన్ ఉద్వాడియా, ఇలా దేశం తర్వాత దేశంలో మొదలైంది.

ఈ ల్యాప్రోస్కోపీ సులువా అంటే, అస్సలు కాదు. పొట్టకు పెట్టిన చిన్న రంధ్రం దగ్గర పరికరం ఇరుసులా తిరుగుతుంది. నా చెయ్యి కుడికి పోతే లోపల కొన ఎడమకు పోతుంది. పైకెత్తితే లోపల దిగుతుంది. చూసేది టీవీ తెర, దాని మీద బొమ్మ చదునుగా ఉంటుంది, లోతు తెలియదు. కెమెరా నా చేతిలో ఉండదు, పక్కన పీజీ పట్టుకుంటాడు, అతను ఎటు చూపిస్తే అటే నేను చూడాలి. అన్నిటికంటే పెద్ద నష్టం స్పర్శ. పాత పద్ధతిలో పిత్తనాళాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, లోపల రాయి ఉందో లేదో కళ్లు మూసుకుని చెప్పేవాళ్లం. ఏళ్ల తరబడి ఆ వేళ్లకు అబ్బిన విద్య అది. ఒక్కసారిగా దానితో పని లేకుండా పోయింది.

అప్పటికే పేరున్న సర్జన్లు ఏం చేశారో చెప్తాను. అట్టపెట్టెకు రంధ్రాలు పెట్టి, లోపల లైటు, కెమెరా అమర్చి, పొడవాటి పరికరాలతో శనగగింజలను ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి మార్చడం మొదలుపెట్టారు. గుడ్డ ముక్క మీద ముడి వేయడం నేర్చుకున్నారు. సాయంత్రం ఓపీ అయ్యాక, గది తలుపు వేసుకుని. నేనూ అలాగే నేర్చుకున్నాను. తలుపు ఎందుకు వేసుకున్నామో యువ డాక్టర్లకు తెలియాలి. మా దగ్గర చదువుకునే పిల్లలు రెండు నిమిషాల్లో గింజ పట్టుకుంటే మా చేతిలో జారిపోయేది. నైపుణ్యం ఉన్న మనిషి కొత్త విద్యకు చెల్లించే అసలు ధర ఇదే. గురువు మళ్లీ విద్యార్థి కావాలి. ఆ దశను అందరి కళ్ల ముందు దాటమంటే చాలామంది దాటరు. గదీ, తలుపూ, కాస్త టైమూ ఇస్తే దాటతారు. కొత్త సాఫ్ట్‌వేర్ ట్రైనింగ్ పేరుతో యాభై ఏళ్ల ప్రొఫెసర్‌ను హౌస్ సర్జన్ల మధ్య కూర్చోబెట్టి, అందరికీ కనబడేలా తెర మీద తప్పులు చూపించడం నేను చూశాను. ఆ ప్రొఫెసర్ మళ్లీ ఆ గదికి రాలేదు. ఆయన్ని మొండివాడన్నారు. నాకు చాలా బాధ కలిగింది.

ఇంత ధర ఎందుకు చెల్లించాం? మర్నాడు ఉదయం రౌండ్స్‌కి వెళ్తే రోగి మంచం మీద కూర్చుని కాఫీ తాగుతుండేవాడు. ఒక్కసారి ఆ దృశ్యం చూసిన సర్జన్‌కు ఇంకే సర్క్యులర్ అక్కర్లేదు. ఇంకో కారణం కూడా చెప్పాలి: రోగులే అడగడం మొదలుపెట్టారు. "కోత లేకుండా చేస్తారటగా" అని పక్క ఊరి ఆస్పత్రి పేరు చెప్పేవారు. ప్రాక్టీసు పోతుందన్న భయం కూడా పనిచేసింది. అదీ ఒక కారణమే.

దానికి మూల్యం కూడా పడింది. మొదటి ఏళ్లలో పిత్తనాళానికి గాయాలయ్యే కేసులు పాత పద్ధతి కంటే కొన్ని రెట్లు పెరిగాయి. 1995లో అమెరికన్ సర్జన్ స్ట్రాస్‌బర్గ్ బృందం ఒక నియమం చెప్పింది: పిత్తాశయంలోకి వెళ్లేవి రెండే రెండు (ఒక నాళం, ఒక ధమని) అని కళ్లతో స్పష్టంగా చూసేదాకా ఏదీ కోయవద్దు. ఈ రోజు ప్రతి పీజీకి అది మొదటి పాఠం. ఈ మొత్తం కథలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే సంగతి వేరే ఉంది. ఏ ల్యాప్రోస్కోపీ కేసులోనైనా రోగి సంతకం పెట్టే కాగితం మీద "అవసరమైతే ఓపెన్ చేస్తాం" అని ఉంటుంది. పాత దారి మూయలేదు. లోపల అర్థం కాకపోతే పాత కోత పెట్టి, పాత వేళ్లతో కేసు ముగించవచ్చు. ఆ తలుపు తెరిచి ఉంది కాబట్టే అంతమంది జాగ్రత్తపరులు కొత్త దారిలో అడుగుపెట్టారు.

అనుభవం ఎప్పుడూ సరైన దారే చూపిస్తుందని అనడం లేదు. దీనికి ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. 1880లలో ఇక్కడ బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. అప్పటి మత్తుమందు క్లోరోఫామ్ ఇచ్చేటప్పుడు నాడి పట్టుకోవద్దు, ఊపిరి చూడండి అనేది ఆయన బోధన. ఆ బోధనలో మంచి ఉంది, శ్వాసను కనిపెట్టి ఉండటం ఎప్పటికైనా మంచిదే. కానీ క్లోరోఫామ్ గుండెను నేరుగా ఆపదని కూడా ఆయన గట్టిగా నమ్మాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బిచ్చి 1888లో, 1889లో రెండు హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు జరిపించాడు. రెండోదానికి లండన్ నుంచి లాన్సెట్ వైద్య పత్రిక తరఫున డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చాడు. లారీ మాటకే మద్దతు దొరికింది. ఆయన చేతి కింద క్లోరోఫామ్ తీసుకున్నవాళ్లు వేలమంది, ఆయనకు భయమన్నదే లేదు. 1911లో లండన్‌లో గుడ్‌మన్ లెవీ తక్కువ మోతాదు క్లోరోఫామ్ కూడా గుండె లయను చెదరగొట్టి ఆపేయగలదని చూపించాడు. కొన్ని వేల కేసులకు ఒకసారి వచ్చే ప్రమాదం ఒక మనిషి చేతి అనుభవానికి అందదు. అందరి కేసులూ ఒకచోట లెక్కపెడితేనే కనబడుతుంది. అందుకే డాక్టరుకు తన చెయ్యి చెప్పేదీ కావాలి, తోటివాళ్ల లెక్కలూ కావాలి. కంప్యూటర్ రికార్డుల వల్ల నాకు కనిపించే పెద్ద మేలు ఇదే. కానీ దాన్ని ఎవరూ నాకు ఈ మాటలతో అమ్మలేదు. "పేపర్‌లెస్ అవుతాం సార్" అన్నారు. కాగితం పోవడం వల్ల నా రోగికి ఏమొస్తుంది?

ఇప్పుడు ఇంజినీర్లకు, నిర్వాహకులకు అన్నిటికంటే ముఖ్యమైన కేసు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ పిల్లల ఆస్పత్రిలో 2002లో మందుల ఆర్డర్లన్నీ కంప్యూటర్లో పెట్టే పద్ధతి తెచ్చారు. ఆరు రోజుల్లో ఆస్పత్రి అంతటా అమలు చేశారు. వేరే ఆస్పత్రుల నుంచి విషమ స్థితిలో తరలించి తెచ్చిన పిల్లల్లో మరణాలు 2.80 శాతం నుంచి 6.57 శాతానికి పెరిగాయని ఆ ఆస్పత్రి డాక్టర్లే 2005లో ప్రచురించారు. వాళ్ల నిజాయితీకి నమస్కారం. కంప్యూటరే కారణమా అన్న వాదన చాలా నడిచింది. కానీ వాళ్లు రాసిన పని వివరాలు చదవండి. పాత పద్ధతిలో, అంబులెన్స్ దారిలో ఉండగానే ఫోన్లో సంగతి విని డాక్టరు మందులు రాసి ఉంచేవాడు. బిడ్డ వచ్చేసరికి సిరంజిలు సిద్ధం. కొత్త పద్ధతిలో బిడ్డ వచ్చి రిజిస్టరయ్యేదాకా ఆర్డర్ పెట్టడానికి వీల్లేదు. ఒక మందు రాయడానికి కాగితం మీద కొన్ని సెకన్లు పట్టేది, తెర మీద ఒకటి రెండు నిమిషాలు. మందులన్నీ ఫార్మసీకి తరలించారు కాబట్టి నర్సు చేతికి అందే అల్మారా ఖాళీ. ఒక డాక్టరు, ఒక నర్సు బిడ్డను వదిలి కంప్యూటర్ ముందు నిలబడ్డారు.

సియాటిల్ పిల్లల ఆస్పత్రి 2003లో అదే కంపెనీ సాఫ్ట్‌వేర్ పెట్టింది. ముందు పిట్స్‌బర్గ్ వెళ్లి అక్కడివాళ్లతో మాట్లాడి, ఏం తప్పిందో తెలుసుకున్నారు. ఐసీయూలో తరచూ వాడే మందుల ఆర్డర్లను ముందే కట్టలుగా తయారుచేసి పెట్టుకున్నారు. బిడ్డ రాకముందే ఆర్డర్ పెట్టే వీలు కల్పించుకున్నారు. అక్కడ మరణాలు పెరగలేదు. సాఫ్ట్‌వేర్ ఒకటే. ఒకచోట పని తీరును గౌరవించారు, ఇంకోచోట పని తీరునే మెషిన్‌కు తగ్గట్టు వంచారు.

నర్సుల సంగతి కూడా ఇంతే. మందు ఇచ్చే ముందు రోగి చేతి పట్టీ మీది బార్‌కోడ్ స్కాన్ చేయాలన్న పద్ధతి మీద 2008లో ఒక అమెరికన్ పరిశోధన వచ్చింది. నర్సులు ఆ నియమాన్ని దాటవేయడానికి 31 రకాల కారణాలు లెక్కతేలాయి. పట్టీ నలిగి ఉంటుంది, తడిసి ఉంటుంది, బ్యాటరీ అయిపోతుంది, ట్రాలీ గుమ్మంలో పట్టదు. సిస్టర్ బార్‌కోడ్ కాపీలను వేరే కాగితం మీద అంటించి పెట్టుకుంటుంది. పైనుంచి చూస్తే క్రమశిక్షణ లేదనిపిస్తుంది. ముప్పై మంది రోగులకు తొమ్మిదింటికి మందులు ఇవ్వాల్సిన మనిషి వైపు నుంచి చూడండి, అప్పుడు మీ స్కానర్ లోపం కనబడుతుంది.

మన దగ్గర బాగా కుదిరినవీ ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు ఆపరేషన్‌కు ముందస్తు అనుమతి ఆన్‌లైన్లో తీసుకోవాలన్నారు. సర్జన్లు గొణిగారు, కానీ ఏడాది తిరక్కుండా అలవాటైపోయింది. డబ్బులేక వెనక్కి పోయే రోగికి ఆపరేషన్ జరుగుతోంది, అది కళ్లకు కనబడుతోంది. రోగి వెంట తిరిగి పని చక్కబెట్టడానికి ఆరోగ్యమిత్ర ఉన్నారు, కాగితాల భారమంతా డాక్టరు నెత్తిన పడలేదు. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రి 2010 నుంచి సొంత ఎలక్ట్రానిక్ రికార్డును నడుపుతోంది. కంటి డాక్టర్లు దగ్గరుండి రూపొందించుకున్నది అది. కంటి పరీక్ష ఏ వరుసలో జరుగుతుందో తెర కూడా ఆ వరుసలో నడవాలని తెలిసినవాళ్లు కట్టుకున్న ఇల్లు.

ఎంతసేపూ ఎవరి నెత్తిన భారం పడుతోందో అడగండి. 2016లో అమెరికాలో ఒక అధ్యయనం డాక్టర్ల పక్కన నిలబడి గడియారం పెట్టి చూసింది. రోగితో గడిపే ప్రతి గంటకు దాదాపు రెండు గంటలు కంప్యూటర్, కాగితాల పనికి పోతోందని తేలింది. ఆ రెండు గంటల్లో కొంత భాగం బిల్లింగ్‌కు, ఇన్సూరెన్స్‌కు పనికొచ్చే సమాచారం. దాన్ని నింపేది డాక్టరు, లాభపడేది ఇంకొకరు. ఈ బేరం ఏ వృత్తిలోనూ ఎవరూ మనస్ఫూర్తిగా ఒప్పుకోరు.

ఏఐ గురించి రెండు మాటలు, టైమ్ అవుతోందంటున్నారు. 2016లో ఏఐ పరిశోధకుడు జెఫ్రీ హింటన్ ఇక రేడియాలజిస్టులకు శిక్షణ ఆపేయవచ్చన్నారు. ఈ రోజు కూడా రేడియాలజిస్టులు చాలక ఇబ్బంది పడుతున్నాం. ఛాతీ ఎక్స్‌రేలో టీబీ అనుమానాన్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌ను డాక్టర్లు సంతోషంగానే వాడతారు, ఎందుకంటే వందల ఫిల్ముల్లో ముందు ఏది చూడాలో అది చెబుతుంది. "నీ స్థానంలో నేను" అంటే మాత్రం ఒప్పుకోరు. రిపోర్టు కింద సంతకం నాది. రేపు కోర్టుకు వెళ్లేదీ నేనే, రోగి భార్యకు ఎదురుగా కూర్చుని సమాధానం చెప్పేదీ నేనే. బాధ్యత నా దగ్గర ఉంచి నిర్ణయం తీసుకుపోయే యంత్రాన్ని నేను నమ్మను. దాని మీద అనుమానం వచ్చినప్పుడు "కాదు" అనే వీలు ఉండాలి. అలా అన్నందుకు నా మీద రిపోర్టు పోకూడదు.

ఇక ప్రశ్నలు.

(సభలో ఒక యువ ఇంజినీరు: "సార్, డాక్టర్లను అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మార్పు చెబుతారు. ఎవరి మాట వినాలి?")

మంచి ప్రశ్న బాబూ. ఆస్పత్రి హోదా పట్టిక చూసి హెచ్‌ఓడీ (విభాగాధిపతి) దగ్గరికి మాత్రమే వెళ్లకు. 1950లలో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో నాలుగు పట్టణాల డాక్టర్లు ఒక కొత్త యాంటీబయోటిక్‌ను ఎప్పుడు రాయడం మొదలుపెట్టారో మందుల షాపుల చీటీలు తీసి చూశారు. తోటి డాక్టర్లు ఎవరిని ఎక్కువగా సలహా అడుగుతారో, ఎవరితో ఎక్కువ స్నేహంగా ఉంటారో వాళ్లు ముందు మొదలుపెట్టారు. ప్రతి ఆస్పత్రిలో అలాంటి మనిషి ఒకరుంటారు. రాత్రి రెండింటికి పీజీకి చెయ్యి ఆడకపోతే ఎవరికి ఫోన్ చేస్తాడో కనుక్కో. అది అసిస్టెంట్ ప్రొఫెసర్ కావచ్చు, క్యాజువాలిటీలో సీనియర్ సిస్టర్ కావచ్చు. వాళ్ల పక్కన రెండు మూడు నైట్ డ్యూటీలు కూర్చో. ఏమీ అడగవద్దు, ఏం రాస్తున్నారో, ఎక్కడ రాస్తున్నారో, అరచేతి మీదా, చీటీ మీదా ఏం రాసుకుంటున్నారో చూడు. ఆ చీటీ మీదున్నదే నీ మొదటి స్క్రీన్. దాన్ని ఆ ఒక్క వార్డులోనే పెట్టు, కాగితం కేస్ షీట్‌ను పక్కనే ఉండనివ్వు, వాళ్లంతట వాళ్లు కాగితం మానేసేదాకా ఇంకో వార్డుకు వెళ్లకు.